నాలుగు కాజాలు, మూడు గుండీలు

"టీ షర్టుల మీద కూడా వేస్తున్నావా? చెప్పనేలేదే!" అంటూ ఫ్రెండ్ ఒక స్క్రీన్‌షాట్ పంపడంతో మొదలైంది ఇదంతా. 2023లో సంగతి. కోటు తొడుక్కున్న గుడ్లగూబ, రెక్క కింద లాంతరు. నేను పిల్లల కథలకు బొమ్మలు వేస్తాను. ఆ గుడ్లగూబ అంతకు రెండేళ్ల ముందు ఒక కథ కోసం వేసింది. కానీ టీ షర్టుల కోసం నేనెప్పుడూ ఏమీ వేయలేదు, ఎవరినీ వేసుకోమనీ చెప్పలేదు.

లింకు నొక్కితే ఒక షాపు తెరుచుకుంది. ఎవరైనా బొమ్మ అప్‌లోడ్ చేస్తే చాలు, దాన్ని టీ షర్టుల మీదా కప్పుల మీదా దిండు గలీబుల మీదా అచ్చేసి అమ్మిపెట్టే సైటు. ఆ షాపులో మొత్తం 22 బొమ్మలు. స్వెటర్ వేసుకున్న ఎలుక, గొడుగు పట్టుకున్న కొంగ, కళ్లజోడు పెట్టుకున్న తాబేలు. అన్నీ నా గీతే. అవే మట్టిరంగులు, నీడలకు అవే అడ్డగీతలు, కళ్ల చుట్టూ నేను వదిలే సన్నటి తెల్ల అంచుతో సహా. అందులో 21 నేను జన్మలో వేయనివి. మనం అనని మాటలు మన గొంతుతోనే ఎక్కడి నుంచో వినిపిస్తే ఎలా ఉంటుంది? అలా ఉంది.

షాపువాడు దాచిందేమీ లేదు. పైన పెద్దక్షరాల్లో "ఏఐతో చేసిన ఒరిజినల్ ఆర్ట్" అని రాసుకున్నాడు.

ఆ రాత్రే ఫిర్యాదు ఫారం నింపేశాను. 22 లింకులూ పెట్టి, ఇవన్నీ నా శైలిని దొంగిలించి చేసినవి, వెంటనే తీసేయండి అని రాశాను. కోపంలో రాశాను కాబట్టి చాలా బాగా రాశాననుకున్నాను కూడా. రెండు రోజులకు జవాబొచ్చింది. మీ ఏ బొమ్మను ఇందులో ఏ బొమ్మ కాపీ కొట్టిందో ఒక్కొక్కటిగా చూపించండి, శైలి మీద ఫిర్యాదు తీసుకోలేం అని. మూడే మూడు వాక్యాలు. చదివి ఫోన్ మంచం మీదకి విసిరేశాను.

తెలిసినవాళ్ల ద్వారా కాపీరైట్ కేసులు చూసే ఒక లాయరుగారితో అరగంట ఫోన్లో మాట్లాడాను. ఆయన అంతా విని, "మీరు వేసిన బొమ్మ మీద మీకు హక్కుందండీ. మీ బొమ్మలు ఇలా ఉంటాయి అనే దాని మీద లేదు" అన్నారు. గుడ్లగూబకు కోటు తొడగాలన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. ఆ ఆలోచనను నేను ఏ గీతల్లో, ఏ కూర్పులో పెట్టానో దానికే చట్టం కాపలా కాస్తుంది. నేను ఊరుకోలేదు. మరి ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న గీత సంగతేంటి అని వాదించాను. "మీరు ఎవరి బొమ్మలు చూసి నేర్చుకున్నారు?" అని అడిగారాయన. నా అడ్డగీతలు మా డ్రాయింగ్ మాస్టారివి. ఆయన మణికట్టు ఎలా తిప్పేవారో చూసి మక్కికి మక్కి దించిన గీతలవి. ఇంకేం మాట్లాడతాను?

కానీ ఆ పోలికలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. నేను మాస్టారి గీత పట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టింది, ఈలోపు అది నా గీతగా మారింది కూడా. మెషీన్‌కి మధ్యాహ్నం సరిపోతుంది, సాయంత్రానికి 22 బొమ్మలు అమ్మకానికి వస్తాయి. ఆ తేడాకు చట్టంలో ఇంకా పేరు లేదు. సరే, అది లాయరుగారి తప్పు కాదు.

"ఈ 22లో మీ బొమ్మ పక్కన పెడితే అదే ఇది అనిపించేవి ఎన్ని?" అన్నారాయన చివర్లో. ఒక్కటే అన్నాను. "అయితే ఆ ఒక్కదాని గురించే మాట్లాడండి. మిగతావి కలిపితే మీ కేసు పలచబడిపోతుంది."

అప్పుడు కూర్చుని ఆ ఒక్క గుడ్లగూబను పెద్దది చేసి చూశాను. తల కొంచెం ఎడమకు వాలింది, నాది వాలనంత. లాంతరు ఆకారం మారింది. కోటు రంగు ముదిరింది. పోలికలు చాలా ఉన్నాయి గానీ ప్రతిదానికీ "కోటు వేసుకున్న గుడ్లగూబ అంటే ఎవరు వేసినా ఇలాగే ఉంటుంది" అనేయొచ్చు. ఇంకా పెద్దది చేశాను. కోటు ముందు భాగం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

కోటుకు నాలుగు కాజాలు. గుండీలు మాత్రం మూడే. కింది కాజా ఎదురుగా ఏమీ లేదు.

అది నా పొరపాటు. 2021లో ఆ బొమ్మ వేసేటప్పుడు గుండీలను వేరే లేయర్ మీద, అంటే బొమ్మ మీద పరిచే విడి పొర మీద వేశాను. లాంతరును కిందికి జరిపినప్పుడు కింది గుండీకి అడ్డొచ్చిందని దాన్ని దాచాను. తర్వాత లాంతరును మళ్లీ పైకి జరిపాను, గుండీని తిరిగి చూపించడం మరిచిపోయాను. పుస్తకం అచ్చయ్యాక ఒక చిన్న పిల్ల ఉత్తరం రాసేదాకా నాకే తెలియదు, గుడ్లగూబకు ఒక గుండీ ఊడిపోయిందని. అప్పుడు సిగ్గుపడ్డాను. ఇప్పుడు అదే కాజా టీ షర్టు మీద కనిపిస్తే లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను.

లాయరుగారికి పంపితే ఆయన గొంతులో హుషారొచ్చింది. ఇద్దరి పనిలోనూ ఒకే తప్పు దొర్లడం కాపీకి పాత రుజువేనట. ఒప్పు ఇద్దరికీ ఒకేలా రావచ్చు, అర్థంలేని తప్పు మాత్రం ఒకేలా రాదు కదా.

అయినా నాకు తృప్తి లేదు. అసలు ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలనిపించింది. బొమ్మలు తయారుచేసే ఈ ఏఐ జనరేటర్లు ఉన్న బొమ్మలను కత్తిరించి అతికించవు. చుక్కచుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, శిక్షణలో నేర్చుకున్నదాన్ని బట్టి అంచెలంచెలుగా ఆ గందరగోళాన్ని తుడుస్తూ బొమ్మను తేలుస్తాయి. అలాంటప్పుడు నా ఊడిపోయిన గుండీ ఎక్కడ దాక్కుంది? అరుదుగా దాక్కుంటుంది కూడా. 2023 జనవరిలో కొందరు పరిశోధకులు స్టేబుల్ డిఫ్యూజన్ అనే జనరేటర్ శిక్షణ సమాచారంలో ఎక్కువసార్లు పునరావృతమైన 3,50,000 బొమ్మలను పట్టుకుని, వాటి వివరణలనే ప్రాంప్టులుగా, అంటే మెషీన్‌ను అడిగే మాటలుగా ఇచ్చి చూశారు. వందకు పైగా బొమ్మలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే బయటికొచ్చాయి. కానీ నా గుడ్లగూబ అన్నిచోట్ల తిరిగేంత పేరున్నది కాదే!

అందుకని స్టేబుల్ డిఫ్యూజన్ నా కంప్యూటర్లోనే పెట్టుకున్నాను. మొదట ఉత్త మాటలతో అడిగాను. కోటు, లాంతరు, మట్టిరంగులు, అడ్డగీతలు అన్నీ వర్ణించి రెండు రాత్రుల్లో ఓ 200 గుడ్లగూబలు రాబట్టాను. ఆరు గుండీలవి వచ్చాయి, గుండీలే లేనివి వచ్చాయి, ఒకదానికి గుండీ పొట్ట మీద కాకుండా ముక్కు మీద వచ్చింది. నా తప్పు మాత్రం ఒక్కదానికీ రాలేదు. తర్వాత రెండో దారి పట్టాను. బొమ్మనే ఇచ్చి దీన్ని మార్చమని అడగడం. అందులో ఎంత మార్చాలో చెప్పే మీట ఒకటి ఉంటుంది, సున్నా నుంచి ఒకటి దాకా. నా గుడ్లగూబను ఇచ్చి మీటను 0.8లో పెడితే వేరే పక్షే వచ్చింది. 0.3లో పెట్టేసరికి తల కాస్త వాలింది, రంగు ముదిరింది, నాలుగో కాజా మాత్రం గుండీ లేకుండా అలాగే ఉండిపోయింది. షాపులో ఉన్నదానికి అన్నదమ్ములా ఉంది.

అంటే షాపువాడు నా బొమ్మను నేరుగా దింపుకుని లోపల పడేశాడు. మెషీన్ నేర్చుకుందా లేదా అన్న పెద్ద చర్చతో సంబంధమే లేదు, చేతికి చిక్కిన మామూలు కాపీ ఇది. ఒక రకంగా నీరసం వచ్చింది. ఇంత చేసి పట్టుకున్నది ఈ పాతరకం దొంగనా అని.

ఆ చర్చ కూడా నా గుమ్మం ముందే ఉందని మరో రోజు తెలిసింది. శిక్షణకు వాడిన బొమ్మల జాబితాలో మనవి ఉన్నాయేమో వెతుక్కునే సైటు అప్పట్లో ఒకటి నడిచేది. స్టేబుల్ డిఫ్యూజన్ శిక్షణ లయాన్-5బీ అనే జాబితాలోని భాగాల మీద జరిగింది. 585 కోట్ల వరసలు. నిజానికి అందులో బొమ్మలుండవు, ప్రతి వరసలో ఒక బొమ్మ లింకూ దాని వివరణా ఉంటాయి, అంతే. వెతికితే నావి 11 తేలాయి. గుడ్లగూబ పక్కన ఉన్న వివరణ చదివి కాసేపు కదల్లేదు. అది నేను రాసిన వాక్యమే. చూపులేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుందని నా సైట్లో ప్రతి బొమ్మ వెనకా ఓపిగ్గా రాసిపెట్టుకున్న వివరణ. మెషీన్‌కు పాఠం చెప్పింది కూడా అదే వాక్యం. ఆ తర్వాత నెల రోజులు కొత్త బొమ్మలకు వివరణ రాయబుద్ధి కాలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టాను, చదివించుకునేవాళ్లు ఏం పాపం చేశారని.

నా బొమ్మలు వద్దని అక్కడే నమోదు చేశాను. అది రాబోయే వెర్షన్లకే పనికొస్తుందన్నారు, అప్పటికే నేర్చుకున్నదాన్ని మరిపించదు. దాని సంగతి తేల్చుకోవాలంటే కోర్టుకు వెళ్లాలి. వెళ్లినవాళ్లున్నారు. 2023 జనవరిలో సారా ఆండర్సన్, కెల్లీ మెకెర్నన్, కార్లా ఆర్టిజ్ అనే ముగ్గురు చిత్రకారులు స్టేబుల్ డిఫ్యూజన్ వెనకున్న స్టెబిలిటీ ఏఐ, మరో జనరేటర్ మిడ్‌జర్నీ, బొమ్మల సైటు డీవియంట్ ఆర్ట్ మీద కాలిఫోర్నియాలో దావా వేశారు. అక్టోబరులో జడ్జి విలియం ఓరిక్ చాలామటుకు కొట్టేశారు. ముగ్గురిలో ఇద్దరి కాపీరైట్ వాదన నిలబడకపోవడానికి కారణం చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. వాళ్ల బొమ్మలు రిజిస్టరయి లేవు! నావీ లేవు. లాయరుగారే సర్దిచెప్పారు. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం బొమ్మ వేసిన క్షణమే హక్కు పుడుతుంది, కాగితం అక్కర్లేదు. అమెరికాలో పుట్టిన పనికి అమెరికా కోర్టులో దావా వేయాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి. వేరే దేశం పనికి ఆ షరతు లేదు గానీ, చట్టం ముందే లెక్కగట్టి ఉంచిన నష్టపరిహారం దక్కాలంటే దానికీ సమయానికి రిజిస్టరయి ఉండాలి. ఓరిక్ 2024 ఆగస్టులో సవరించిన దావాలోని ముఖ్యమైన ఆరోపణలను ముందుకు సాగనిచ్చారు. అదంతా ఏళ్ల తరబడి సాగే యవ్వారం. నా పని ఒక టీ షర్టు.

రెండో నోటీసు రాశాను. ఈసారి ఒకే లింకు. అమెరికా సైట్లు 1998 నాటి డిజిటల్ మిలీనియం చట్టం ప్రకారం నడుస్తాయి కాబట్టి అది అడిగినవన్నీ వరసగా ఇచ్చాను. నా బొమ్మ ఏది, కాపీ ఏది, ఎక్కడుంది, నా చిరునామా, ఇది అనుమతి లేని వాడకమని నిజాయితీగా నమ్ముతున్నానన్న మాట, హక్కుదారును నేనేనని ప్రమాణపూర్వకంగా సంతకం. ఆ ప్రమాణం అబద్ధమైతే నేరం. తెలిసీ తప్పుడు ఫిర్యాదు చేస్తే ఎదుటివాడి నష్టం మనమే కట్టాలి. మొదటిసారి 22కీ కలిపి గుడ్డిగా సంతకం పెట్టింది గుర్తొచ్చి గుండె గుభేలుమంది. జతగా మూడు బొమ్మలు పెట్టాను. నా కోటు దగ్గరి ముక్క, వాడి కోటు దగ్గరి ముక్క, మెర్జ్ చేయని, అంటే లేయర్లన్నీ ఒకటిగా కలిపేయని నా ఫైల్ స్క్రీన్‌షాట్. ఆ మూడోదాంట్లో లేయర్ల పట్టీలో "గుండీ 4" అని ఉంటుంది, దాని పక్కన కన్ను గుర్తు ఆపేసి.

మూడో రోజుకి గుడ్లగూబ మాయమైంది. సంబరం వారం కూడా లేదు, షాపువాడు కౌంటర్ నోటీసు, అంటే నా ఫిర్యాదు తప్పంటూ ఎదురు నోటీసు పంపాడు. సారాంశం ఇది: "ఇది ఏఐ చేసిన బొమ్మ. ఏఐ బొమ్మలకు కాపీరైట్ ఉండదని కోర్టులే చెప్పాయి. కాబట్టి దీని మీద ఎవరికీ హక్కు లేదు."

చదివితే నిజమే కదా అనిపించేలా ఉంటుంది. సగం నిజం కూడా. 2023 ఆగస్టులో అమెరికా జడ్జి బెరిల్ హోవెల్, మనిషి చెయ్యి లేకుండా మెషీన్ వేసిన బొమ్మకు కాపీరైట్ ఇవ్వలేమని, తన మెషీన్ వేసిన బొమ్మకు హక్కు అడిగిన స్టీఫెన్ థేలర్ కేసులో తీర్పిచ్చారు. 2025 మార్చిలో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. కానీ అది ఆ బొమ్మ మీద వాడికి హక్కు పుడుతుందా అన్న ప్రశ్నకు జవాబు. నా హక్కును ఆ బొమ్మ తొక్కిందా అన్నది ఇంకో ప్రశ్న. కట్టినవాడికి పట్టా లేదని, పక్కవాడి స్థలంలో గోడ కట్టుకోవచ్చా? ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసేవాళ్లు ఆ తర్వాత నాకు చాలామంది తగిలారు, మా వృత్తిలోవాళ్లతో సహా.

కౌంటర్ నోటీసు వస్తే, నేను దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో సైటు ఆ వస్తువును తిరిగి పెట్టాలి. ఆ రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఒక్క టీ షర్టు కోసం ఖండాలు దాటి దావా వేస్తానా? చివరికి అంత అవసరం రాలేదు. కౌంటర్ నోటీసు చెల్లాలంటే వాడు కూడా అసలు పేరు, చిరునామా ఇచ్చి, కోర్టు పరిధికి ఒప్పుకుని సంతకం పెట్టాలి. వాడు షాపు పేరు తప్ప ఏమీ ఇవ్వలేదు. వివరాలు పూర్తిచేయమని సైటు అడిగితే మళ్లీ పలకలేదు. గుడ్లగూబ తిరిగి రాలేదు. మిగతా 21 అక్కడే ఉన్నాయి. నేను చివరిసారి చూసేసరికి 40 దాటాయి.

ఇక్కడితో అయిపోతే నేను బాధితుల జాబితాలో హాయిగా ఉండేవాణ్ణి. 2024లో కొత్త పుస్తకం ఒప్పందం వచ్చింది. అందులో, ఏ బొమ్మలోనైనా ఏఐ వాడి ఉంటే ఎక్కడెక్కడో తెలపాలి అని ఒక క్లాజు. వాడాను. రెండు పేజీల్లో రాత్రి ఆకాశం. గుడ్లగూబ మీద ప్రయోగాల కోసం పెట్టుకున్న ప్రోగ్రాం కంప్యూటర్లో ఉండనే ఉంది, గడువు దగ్గరపడింది, నక్షత్రాలు ఎవరు లెక్కపెడతారులే అనుకున్నాను. చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. వారం రోజులు నానబెట్టి ఎడిటర్‌గారికి ఫోన్ చేశాను.

ఆవిడ తిట్టలేదు. "అయితే ఆ ఆకాశం ఎవరిదండీ?" అని అడిగారు.

దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నవ్వొచ్చింది. అమెరికా కాపీరైట్ ఆఫీసును అడిగితే ఎవరిదీ కాదంటుంది. క్రిస్ కష్టనోవా మిడ్‌జర్నీతో చేసిన కామిక్ విషయంలో 2023 ఫిబ్రవరిలో అదే చేసింది. మాటలకూ, బొమ్మల ఎంపికకూ అమరికకూ రక్షణ ఇచ్చి, ఒక్కో బొమ్మకు విడిగా ఇవ్వలేదు. జేసన్ అలెన్ అనే ఆయన మిడ్‌జర్నీలో కనీసం 624 సార్లు ప్రాంప్టులు మార్చి మార్చి తెచ్చానన్నా, బహుమతి గెలిచిన ఆయన బొమ్మకూ ఇవ్వలేదు. నేను ఆకాశానికి రాసింది నాలుగు ప్రాంప్టులు. బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు 2023 నవంబరులో దీనికి ఎదురు చెప్పింది. స్టేబుల్ డిఫ్యూజన్‌తో తీసిన బొమ్మలో ప్రాంప్టులూ సెట్టింగులూ ఎంచుకున్న మనిషి ఆలోచన ఉందని హక్కు ఇచ్చింది. బ్రిటన్ 1988 చట్టమైతే మనిషి రచయిత లేని కంప్యూటర్ పనికి, అందుకు ఏర్పాట్లు చేసిన వ్యక్తినే రచయిత అంటుంది. భారత చట్టంలోనూ 1994 సవరణ నుంచి దాదాపు అలాంటి మాటే ఉంది, ఆ పని తయారయ్యేలా చేసిన వ్యక్తి అని. ఏఐని మనసులో పెట్టుకుని రాసినవి కావు అవి.

ఇదంతా చెబితే ఎడిటర్‌గారు, "మనం పుస్తకం నాలుగు దేశాల్లో అమ్మాలి. ఒక్కో దేశంలో ఒక్కో ఆకాశమంటే ఎలాగండీ" అన్నారు. రెండు పేజీలకూ ఆకాశం మళ్లీ వేశాను. తొమ్మిది రోజులు పట్టింది. మునుపటికన్నా బాగుందని చెప్పలేను. నిజం చెప్పాలంటే మెషీన్ వేసినదాంట్లో నీలం ఇంకా లోతుగా ఉండేది.

శిక్షణ గొడవ ఇంకా నలుగుతూనే ఉంది. 2025 నవంబరు 4న, ఫొటోలు అమ్మే గెట్టీ ఇమేజెస్ స్టెబిలిటీ ఏఐ మీద వేసిన కేసులో బ్రిటన్ హైకోర్టు, మోడల్ (శిక్షణ పొందిన మెషీన్) తనలో బొమ్మల కాపీలను దాచుకోదు కాబట్టి అది కాపీ కాదంది. శిక్షణ మీది ప్రధాన ఆరోపణను గెట్టీ అంతకుముందే వదులుకుంది, శిక్షణ బ్రిటన్‌లో జరిగిందని చూపలేక. జనరేటర్ కొన్ని బొమ్మల మీద గెట్టీ వాటర్‌మార్కును కూడా వేసేసింది, ట్రేడ్‌మార్క్ కింద కొద్దిగా గెలిచింది ఆ ఒక్క దగ్గరే. అది చదివినప్పుడు నా కాజా గుర్తొచ్చింది. సరిగ్గా వారానికి మ్యూనిక్ కోర్టు, పాటల సాహిత్యం విషయంలో ఓపెన్‌ఏఐ మీద వేసిన కేసులో, మోడల్ గుర్తుపెట్టుకోవడమూ కాపీయేనంది. లాయరుగారికి రెండు వార్తలూ పంపితే ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నారు.

ఇప్పుడు ఏ బొమ్మ ఫైలునూ మెర్జ్ చేసి దాచడం లేదు, డిస్కు నిండిపోతున్నా సరే. మొన్న గుడ్లగూబ కథ మళ్లీ అచ్చుకు వెళ్తోందని ఎడిటర్‌గారు ఫోన్ చేశారు. "ఆ నాలుగో గుండీ పెట్టేద్దామా ఈసారి? పిల్లలు అడుగుతున్నారు." ఫైలు తెరిచి ఆ లేయర్ పక్కన కన్ను గుర్తు నొక్కాను. గుండీ వచ్చింది. కాసేపు చూసి మళ్లీ నొక్కేశాను.